గాలికి జల్లెడ

కోసిగి వైపు గాలికి రంగుంటుంది. పైరు కోసి చేలు ఖాళీ అయ్యాక నల్లరేగడి మీదుగా వచ్చే గాలి బూడిదరంగు. ఆషాఢంలో పడమటి నుంచి హోరుమని వీచేది గోధుమరంగు. ఆదోని మార్కెట్టు యార్డు ముందు పత్తి బళ్ళు బారులు తీరే రోజుల్లో మిల్లుల చుట్టుపక్కల గాలి తెలుపు. పొద్దున ఉతికి ఆరేసిన పంచెను సాయంత్రం తీగ మీంచి తీస్తే అది ఏ కాలమో చెప్పెయ్యవచ్చు. ఈ వైపు కాపురానికొచ్చిన కోడలు మొట్టమొదట నేర్చుకునే విద్యలు రెండు. ఒకటి, నీళ్ళ బిందె మూతికి గుడ్డ కట్టడం. రెండోది, బస్సు కదలగానే కొంగు చివర ముక్కుకు అడ్డం పెట్టుకోవడం.

ఇప్పుడు బస్సులతోపాటు కార్లూ వచ్చాయి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికీ, మంత్రాలయానికీ పోయే దోవలో నిలబడి చూడండి. అద్దాలు బిగించుకుని, లోపల చల్లగా, ఎన్ని బళ్ళు పోతుంటాయో! లోపల కూర్చున్న ఇల్లాలి కొంగు భుజం మీదే ఉంటుంది. ముక్కు దాకా రావలసిన అవసరం దానికి తప్పింది. ఆ కొంగు చేసే చాకిరీ ఇప్పుడు మరొకటి చేస్తోంది. ముందు సీటుకు ఎదురుగా ఒక సొరుగుంటుంది కదూ, బండి కాగితాలూ సోంపు డబ్బా పెట్టుకునేది, దాని వెనకాల దాక్కుని ఉంటుంది. కంపెనీవాళ్ళు దాన్ని క్యాబిన్ ఎయిర్ ఫిల్టరు అంటారు. మన షెడ్లలో ఏసీ ఫిల్టరంటేనే తెలుస్తుంది. మనిషి చూస్తే ఏమంత గొప్పగా ఉండదు. నోటుపుస్తకమంత అట్ట చట్రం, అందులో చీర కుచ్చిళ్ళలాగా మడతలు మడతలుగా తెల్లటి గుడ్డ. అంతే.

సర్వీసింగుకిచ్చినప్పుడు బిల్లులో దీనికి ఒక వరస ఉంటుంది. ఇంటాయన కళ్ళజోడు సవరించుకుని కొట్టేయించే మొదటి వరసా అదే. "ఆయిలంటే ఆయిలు, బ్రేకులంటే బ్రేకులు. ఇది ఏంటికి?" అంటారు. ఈ 'ఏంటికి'కి జవాబు చెప్పాలంటే నూటయాభై ఏళ్ళు వెనక్కి పోవాలి. ఆ కథలో పత్తి ఉంది, బొగ్గు ఉంది, పళ్ళ టెంకెలున్నాయి, చివరికి ఆడవాళ్ళ లోదుస్తు కూడా ఉంది. మగవాళ్ళు రాసిన మోటారు చరిత్రల్లో ఈ సంగతులు పెద్దగా కనిపించవు గనక మనమే చెప్పుకుందాం.

చెరగడం, జల్లించడం, వడగట్టడం అనే ఈ మూడు పనులూ ఎవరు కనిపెట్టారో ఏ పుస్తకంలోనూ లేదు. వంటింట్లో పుట్టినవాటికి పేటెంట్లుండవు. కానీ వాటి విలువ శాస్త్రజ్ఞులు ఒప్పుకోవలసి వచ్చిన సందర్భం ఒకటుంది. అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్‌వెల్ బృందంవారు బంగ్లాదేశ్‌లో మత్లబ్ ప్రాంతపు పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. చెరువు నీళ్ళనూ ఏటి నీళ్ళనూ పాత చీరగుడ్డ నాలుగైదు మడతలు పెట్టి వడగట్టుకుని తాగమన్నారు. కలరా దాదాపు సగానికి సగం తగ్గింది. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇందులో తమాషా ఏమిటంటే కొత్త చీరకన్నా పాత చీరే మేలట! ఉతికి ఉతికి దారం నూగెక్కి, పోగుకూ పోగుకూ మధ్య సందు చిన్నదవుతుంది. కలరా క్రిమి ఆ సందుకన్నా చిన్నదే గాని, అది నీళ్ళలో ఉండే సన్నటి పురుగులను అంటిపెట్టుకుని బతుకుతుంది. పురుగు గుడ్డలో చిక్కితే క్రిమీ చిక్కినట్టే. పాతచీరలు స్టీలు సామాన్లవాడికి వేసేముందు ఒకటి ఉంచుకోమని మన అమ్మమ్మలు చెప్పింది ఊరికే కాదు.

నీళ్ళ సంగతి సరే. గాలిని జల్లించడం అంత సులువు కాదు. అసలు గాలిలో జల్లించవలసింది ఏమైనా ఉందని నమ్మించడానికే ఒక మహానుభావుడు పుట్టవలసి వచ్చింది.

మట్టిమిద్దెల్లో గవాచి అని పైకప్పుకో రంధ్రం ఉంటుంది. పొద్దున పది గంటల వేళ దానిలోంచి ఎండ ఏటవాలుగా దిగుతుంది. ఆ వెలుగు కంబంలో కోటానుకోట్ల నలుసులు నాట్యమాడుతుంటే చిన్నపిల్లలు పట్టుకోబోతారు. మనవాళ్ళు ఆ నలుసుకు త్రసరేణువని పేరుపెట్టి, మనుస్మృతి నాటికే తూకాల లెక్కకు దాన్నే మొదటి మెట్టు చేసుకున్నారు. చూశారు, పేరు పెట్టారు, బంగారం తూచడానికి లెక్క కట్టారు. అయితే ఆ నలుసులు మనం పీల్చే గాలిలోనే ఉన్నాయి కదా, లోపలికి పోయి ఏమవుతున్నాయి అన్న ప్రశ్న మాత్రం వేసినట్టు లేదు.

ఆ ప్రశ్న వేసినవాడు జాన్ టిండాల్. ఐర్లండులో పుట్టి, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడయ్యాడు. 1870 జనవరిలో అక్కడి సభకు వచ్చిన పెద్దలకు ధూళి, రోగాల గురించి ఉపన్యాసమిచ్చాడు. చీకటిగదిలో బలమైన వెలుగు కంబాన్ని పంపాడు. అదే మన గవాచి ఎండ! అందులో ధూళి ధగధగా మెరిసింది. తర్వాత ఒక గాజుగొట్టం లోంచి ఆ వెలుగులోకి తన ఊపిరి వదిలాడు. మొదట్లో మామూలుగానే ఉంది. ఊపిరి చివరికి వచ్చేసరికి వెలుగులో నల్లటి చిల్లు పడింది. ఊపిరితిత్తుల అడుగునుంచి వచ్చే గాలిలో నలుసన్నది లేదన్నమాట. మరి పీల్చేటప్పుడు ఉన్న దుమ్ము ఏమైనట్టు? లోపలే ఉండిపోయింది. గాలికి జల్లెడ మన రొమ్ములోనే ఉంది. కానీ ఆ జల్లెడను విప్పి దులపలేం కదా!

అప్పుడు టిండాల్ గుప్పెడు దూది నోటికి అడ్డం పెట్టుకుని, దానిలోంచి గాలి పీల్చి మళ్ళీ ఊదాడు. ఈసారి ఊపిరి మొదటి నుంచీ చివరిదాకా వెలుగు కంబం నల్లగానే ఉంది. దూది దుమ్మును బయటే ఆపేసింది.

దూదికి ఈ గుణం ఉందని అంతకుముందే జర్మనీలో ష్రోడర్, ఫాన్ దూష్ అనే ఇద్దరు కనిపెట్టి ఉన్నారు. 1854లో వాళ్ళు దూదిలోంచి వడగట్టిన గాలిని తగలనిస్తే కాచిన మాంసపు రసం పులిసిపోకుండా నిలిచింది. పాశ్చర్ పండితుడు కూడా గాలిలోని క్రిములను దూదిలాంటిదానిలోనే పట్టి సూక్ష్మదర్శినిలో చూశాడు. అదే 1854లో జాన్ స్టెన్‌హౌస్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కట్టెబొగ్గు పొడి నింపిన ముక్కుతొడుగు తయారుచేశాడు. బొగ్గు దుర్వాసనలను పట్టి ఉంచుతుంది. టిండాల్ ఈ రెండింటినీ కలిపి, గ్లిజరినుతో తడిపిన దూదీ బొగ్గూ పొరలుగా పేర్చి, పొగలో పనిచేసే ఫైరింజను మనుషులకు తొడుగు చేయించాడు. ఇవాళ షోరూములో "కార్బన్ ఫిల్టరండీ, కొత్తరకం" అని రెండు వందలు ఎక్కువ వేసి ఇచ్చేది ఇదే, దూదీ బొగ్గూ! కాకపోతే దూది బదులు ఇంకో నార.

బొగ్గు మాట వచ్చింది గనక ఒక ముచ్చట. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు విషవాయువు వదిలారు. సైనికులు ఉన్న గుడ్డలు తడిపి ముక్కుకు కట్టుకున్నారు. ఆ తర్వాత ముసుగులు, వాటిలోకి బొగ్గు. వాయువును పట్టడానికి గట్టి బొగ్గు కావాలి, అది కొబ్బరిచిప్పలనుంచీ పళ్ళ టెంకెలనుంచీ వస్తుంది. 1918లో అమెరికాలో ఇల్లాళ్ళందరినీ పీచ్ పళ్ళ టెంకెలూ, అక్రోటు పెంకులూ పారెయ్యకుండా దాచి ఇవ్వమని ప్రభుత్వం అడిగింది. కూడళ్ళలో పీపాలు పెట్టారు. తల్లి వంటింట్లో దాచిన టెంకె కొడుకు ముక్కు మీద బొగ్గయి కూర్చుందన్నమాట. మన కొబ్బరిచిప్ప బొగ్గుకు ఈనాటికీ ఆ గిరాకీ తగ్గలేదు.

ఇక మనవైపు వద్దాం. మద్రాసు రైల్వే గుత్తి మీదుగా ఆదోని, కోసిగి దాటి తుంగభద్ర మీద వంతెన వేసుకుని రాయచూరు చేరింది. బొంబాయి నుంచి వచ్చే జి.ఐ.పి. రైల్వే కూడా రాయచూరుకే వచ్చి 1871లో రెండూ చేతులు కలిపాయి. అప్పటికి ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. కాపాసాన్ని అటు బొంబాయికీ ఇటు మద్రాసుకూ మోసిన ఆ దారే ఆదోనికి 'రెండో బొంబాయి' అన్న పేరు రావడానికి కొంత కారణం.

ఆ రైలులో ప్రయాణమంటే దుమ్ముతోపాటు ఇంజను వదిలే బొగ్గు నలుసులు. కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడి కంట్లో నలుసు పడితే, తల్లి కొంగు కొన ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి, కంటికి అద్దడం పాతతరం వాళ్ళకు బాగా జ్ఞాపకం ఉండే ఉంటుంది. దొరలకు మాత్రం వేరే ఏర్పాట్లు. పందొమ్మిదో శతాబ్దం చివరినాటికే ఫస్టుక్లాసు పెట్టెల కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. గాలి చల్లబడటం దొర కోరిక. ఆ తడి వేళ్ళకు దుమ్ము అంటుకుని లోపలికి రాకపోవడం కొసరు. ఆనాడు ఎవరూ లెక్కచెయ్యని ఆ కొసరే ఇప్పటి మన కథ. 1934లో ఫ్రాంటియర్ మెయిలులో ఐసుగడ్డల మీదుగా గాలి పంపి చల్లబరిచారు. మూడోతరగతికి మాత్రం కొంగే దిక్కు.

మోటారుకార్లు వచ్చిన కొత్తల్లో వాటికి కప్పులూ లేవు, అద్దాలూ లేవు. మట్టిరోడ్ల మీద పోతే ఊరంతా దుమ్ము. 1902లో మొనాకోలో గుగ్లీల్మినెట్టి అనే వైద్యుడు ఆ దుమ్ము పడలేక రోడ్డు మీద తారు పోయించాడు. పాపం ఆయన్ను జీవితాంతం 'తారు డాక్టరు' అనే పిలిచారట. దుమ్ము అణచడానికి పుట్టిన తారు మన కోసిగి పల్లెదార్లకు అన్నిచోట్లా ఇంకా చేరలేదు, అది వేరే సంగతి. 1909లో ఆలిస్ రామ్సే అనే ఇరవై రెండేళ్ళ ఇల్లాలు న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా 59 రోజుల్లో కారు తోలుకుంటూ వెళ్ళింది. వెంట ఇద్దరు ఆడపడుచులు, ఒక స్నేహితురాలు. నలుగురిలో బండి నడపడం వచ్చింది ఆవిడ ఒక్కతికే! ఆ రోజుల్లో కారెక్కే స్త్రీల వేషం చూస్తే మనకు నవ్వొస్తుంది. పైనుంచి కిందదాకా దుమ్ముకోటు, టోపీ మీంచి గడ్డం కింద ముడివేసిన పలచటి మేలిముసుగు. మేలిముసుగన్నా కొంగన్నా ఒకటే గదా!

ఇప్పుడు అసలు విచిత్రం వినండి. కారులో గాలి జల్లెడ మొదట ఎవరికి పెట్టారనుకున్నారు? మనిషికి కాదు, ఇంజనుకు. 1915 ప్రాంతంలో అమెరికాలో ట్రాక్టర్లు అమ్మే ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ఆయన, దుమ్ము చేలో పనిచేసి కొద్దిరోజులకే పాడైపోయిన ఒక ట్రాక్టరును చూసి, తీగచట్రానికి మెత్తటి గుడ్డ చుట్టి ఇంజను ముక్కుకు తగిలించాడు. ఇంజను బాగుపడింది. ఆయన పెట్టిన కంపెనీ ఈనాటికీ ఫిల్టర్లే తయారుచేస్తోంది. తర్వాత నూనె గిన్నె ఫిల్టర్లు వచ్చాయి. గాలి గిర్రున మలుపు తిరిగేటప్పుడు బరువైన దుమ్ము తిరగలేక నూనెలో పడి అంటుకుంటుంది. పాత అంబాసిడరు బానెట్ కింద, ట్రాక్టర్లలో, బస్సుల్లో ఉన్న బానలాంటిది అదే. నల్లరేగడి దున్నే ట్రాక్టరుకు ఆ నూనె ఎప్పటికప్పుడు మార్చకపోతే పిస్టన్లు అరిగిపోతాయని మన రైతుకు బాగా తెలుసు. ఇంజను అరిగితే వేలల్లో బిల్లు చేతికొస్తుంది, అందుకని దానికి ముందు పెట్టారు. ఊపిరితిత్తుల బిల్లు ఏ ఇరవై ఏళ్ళకో వస్తుంది, అదీ వేరేచోటికి. అందుకని మనిషి ఆగవలసి వచ్చింది.

ఎంతకాలం ఆగాడంటే, 1920లలో కార్లకు కప్పులూ అద్దాలూ మామూలయ్యాయి. 1938లో నాష్ అనే అమెరికా కంపెనీ బయటిగాలిని వడగట్టి, వెచ్చచేసి, ఫ్యానుతో లోపలికి పంపే ఏర్పాటు చేసింది. దాని పేరు 'వెదర్ ఐ'. ఏడాదికల్లా ప్యాకార్డ్ కంపెనీ చల్లటిగాలి యంత్రం పెట్టింది. అది ఆపాలంటే బండి దిగి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలిట! (అన్నట్టు అదే 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు చేనేతవారి సహకార సంఘం పెట్టారు. ఆ సంఘం నేయించిన గుడ్డ ఎక్కడెక్కడికో వెళ్ళింది. ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ప్రపంచంలో ఒకచోట గాలి వడగట్టే పెట్టె పుడుతుంటే, ఇంకోచోట మంచి గుడ్డకు సంఘం పుట్టిందని నాకు సరదాగా ఉంటుంది. రెండింటికీ సంబంధమేమీ లేదు.)

నాష్‌వారి ముచ్చట అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ నలభై ఏళ్ళకు, 1978లో స్వీడన్‌వారి సాబ్ 900 కారు పుప్పొడిని ఆపే ఫిల్టరుతో వచ్చింది. చలిదేశాల్లో వసంతం వస్తే సగంమందికి తుమ్ములు. ఆ తుమ్ములకు కారణం పువ్వుల పుప్పొడేనని మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తన ముక్కు మీద తానే ప్రయోగాలు చేసుకుని 1873లో పుస్తకం రాశాడు. అందుకే యూరపులో ఇప్పటికీ దీన్ని పుప్పొడి ఫిల్టరనే అంటారు. 1990లలో మిగిలిన కంపెనీలు అందుకున్నాయి. మనకు గులాబీ పుప్పొడి బాధ లేదు గాని, రోడ్డు పక్కన తెల్లపూలతో వయ్యారాలు పోయే వయ్యారిభామ ఉంది. 1950లలో పూనా దగ్గర కనబడిన ఆ కలుపు దేశమంతా పాకి, చర్మానికి దురద, ముక్కుకు జలుబు ఉచితంగా పంచుతోంది.

ఇక ఆ కుచ్చిళ్ళ గుడ్డ సంగతి. అది నేసిన గుడ్డ కాదు. పడుగూ లేదు, పేకా లేదు. సన్నటి ప్లాస్టిక్ పోగులను చిందరవందరగా పరిచి అతికించింది. ఎమ్మిగనూరు నేతగాడు చూస్తే "ఇదేం గుడ్డ?" అంటాడు. ఇలాంటి నేయనిగుడ్డను అమెరికాలో త్రీయెమ్ కంపెనీ మొదట్లో బహుమతి పొట్లాలకు కట్టే రిబ్బన్ల కోసం వాడింది. ఇళ్ళ అలంకరణ గురించి పత్రికలో శీర్షిక నడిపిన సారా లిటిల్ టర్న్‌బుల్ అనే ఆవిడ 1958లో ఆ కంపెనీ పెద్దల ముందు నిలబడి, ఈ గుడ్డతో ఇంకా ఏమేం చెయ్యవచ్చో వివరించింది. మొదట వాళ్ళు ఆవిడకు అప్పజెప్పింది బ్రాసరీకి అచ్చుపోసిన గిన్నెలాంటి కప్పు. ఆ రోజుల్లోనే ఇంట్లోవాళ్ళ జబ్బుల వల్ల ఆవిడ ఆస్పత్రుల చుట్టూ తిరగవలసి వచ్చింది. డాక్టర్లు ముక్కుకు కట్టుకునే పలచటి గుడ్డలు జారిపోవడం, మాటిమాటికీ వెనక ముడి సర్దుకోవడం చూసింది. చూసి, ఈ కప్పునే ముక్కు మీద బోర్లిస్తే సరిపోదూ అన్నది. 1961లో ఆ రకం మాస్కు వచ్చింది, 1972లో కార్ఖానాల దుమ్మును ఆపే మాస్కు. 2020లో మనమంతా ఏ రకం మాస్కు కోసం మందుల షాపుల చుట్టూ తిరిగామో దాని ముత్తవ్వ అదే.

ఈ గుడ్డ దుమ్మును ఎలా ఆపుతుందో తెలిస్తేనే దాన్ని ఎందుకు మార్చాలో తెలుస్తుంది. జల్లెడ లెక్క వేరు, బెజ్జంకన్నా గింజ పెద్దదైతే ఆగుతుంది. గాలిలో దుమ్ము వెంట్రుకలో ముప్ఫయ్యో వంతు, ఇంకా సన్నం. అంత సన్నటి బెజ్జాలు పెడితే గాలే ఆడదు. అందుకని ఇది జాతరలో తోపులాటలాంటి ఏర్పాటు. పెద్ద నలుసులు లావుపాటి మనుషుల్లాగా మలుపు తిరగలేక పోగులకు గుద్దుకుని అక్కడే ఆగుతాయి. మరీ చిన్నవి తాగినవాడిలా అటూ ఇటూ తూలుతూ ఏదో ఒక పోగుకు తగులుకుంటాయి. తప్పించుకునేవి మధ్యరకంవే. వాటికోసం పోగులకు విద్యుదావేశం పెడతారు. దువ్వెనతో తలదువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అంటుకుంటాయి చూడండి, ఆ కిటుకు.

అందుకే దీన్ని సర్ఫునీళ్ళలో ఉతికి ఆరేస్తే పనికిరాదు. చూడటానికి తెల్లగా వస్తుంది, ఆవేశం పోతుంది. ఈ మాట ఆదోనిలో ఒక షెడ్డు దగ్గర మెకానిక్కు అబ్బాయికి చెబితే నవ్వాడు.

"ఉతకం లేక్కా, గాలి కొడతాం. ఐదు నిమిషాల పని."

"గాలి కొడితే దుమ్ము ఎక్కడికి పోతుందబ్బాయ్?"

"పోతాదిలే యాడికో" అని, సొరుగు రెండు పక్కలా నొక్కి దించి, వెనక మూత తీసి ఫిల్టరు బయటికి లాగాడు. నేనూ, మా వదినా ముక్కులు మూసుకున్నాం. నాలుగు వేపాకులు, ఒక పక్షి ఈక, చిట్టెలుక కొరికి పోగుచేసిన కాగితం, కుచ్చిళ్ళ నిండా బూడిదరంగు మట్టి, దాని మీద దుప్పటి పరిచినట్టు తెల్లటి నూగు. కొన్నప్పటినుంచీ మార్చలేదట. బండి మా వదినావాళ్ళది. మూడేళ్ళుగా ఏసీ చల్లగా రావడంలేదని రెండుసార్లు గ్యాసు నింపించుకున్నారు. గ్యాసు దండగ, అడ్డం పడింది ఇది. మా వదిన మనవడికి ఉబ్బసం. కారెక్కితే దగ్గు వస్తుందని, పిల్లవాడికి పెట్రోలు వాసన పడదని అనుకుంటున్నారు ఇన్నాళ్ళూ.

గాలి కొట్టడం వల్ల పెద్దమట్టి రాలుతుంది నిజమే. కానీ సన్నటి దుమ్ము పోగుల్లోనే ఉంటుంది, ఒక్కోచోట గుడ్డే చిరుగుతుంది. చిరిగిన జల్లెడలో పిండి జల్లించినట్టు. బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో చాలా కంపెనీలు పది పదిహేనువేల కిలోమీటర్లకో, ఏడాదికో మార్చమనీ, దుమ్ము ప్రాంతాల్లో ఇంకా ముందే మార్చమనీ రాస్తాయి. కోసిగి దుమ్ము ప్రాంతమా కాదా అని ఎవరినీ అడగనక్కరలేదు. సుగ్గి కాలం, ఆషాఢపు గాలి రెండూ అయిపోయాక, శ్రావణంలో తిరుణాళ్ళకు పోయేముందు మార్పిస్తే లెక్క కుదురుతుంది. కొన్ని చిన్నకార్లలో ఫిల్టరుకు అర ఉంటుంది గాని ఫిల్టరే పెట్టకుండా మనదేశంలో అమ్మిన రోజులున్నాయి. మీ బండిలో అసలు ఉందో లేదో ఒకసారి సొరుగు దింపి చూడండి. స్క్రూడ్రైవరు కూడా అక్కరలేదు చాలా బళ్ళకు. ఫిల్టరు అంచుమీద బాణం గుర్తుంటుంది, అది గాలి పోయే వైపు. తిరగేసి పెడితే కుచ్చిళ్ళు పనిచేసేది అంతంతమాత్రమే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది దుమ్మునే ఆపుతుంది. బొగ్గుది అయితే కొంత వాసననూ ఆపుతుంది. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడును ఏదీ ఆపదు. ఫిల్టరుంది కదా అని ఆపి ఉంచిన బండిలో ఇంజను ఆడిస్తూ, అద్దాలు బిగించి పిల్లలను నిద్రపుచ్చకండి. లోపలి గాలినే తిప్పే మీట కూడా లారీ వెనకో, దుమ్ములోనో ఉన్నంతసేపే. అలాగే వదిలేస్తే మన ఊపిరే మళ్ళీ మనకు వచ్చి మగతగా ఉంటుంది. తోలేవాడికి మగత వస్తే ఏమవుతుందో తెలిసిందే.

ఆ ఫిల్టరు మీద పరచుకున్న తెల్లటి నూగు మాత్రం నాకు మనసులో ఉండిపోయింది. అది పత్తి. ఏ దూదితో టిండాల్ దుమ్మును ఆపాడో ఆ దూదే ఇక్కడ దుమ్ము. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ నారా జనపనారా చిక్కుతీసే పనివాళ్ళ దగ్గును గురించి రాశాడు. పత్తి దుమ్ముతో వచ్చే ఆ రొమ్ముపట్టుకు బిసినోసిస్ అని 1877లో పేరుపెట్టినవాడు అడ్రియన్ ప్రూస్ట్, ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ తండ్రి. ఆ జబ్బు లక్షణం వింతగా ఉంటుంది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి రాగానే రొమ్ము బిగుస్తుంది, వారం గడిచేకొద్దీ సర్దుకుంటుంది. ఏళ్ళు గడిస్తే వారమంతా సోమవారమే అవుతుంది. మన ఫ్యాక్టరీల చట్టం దీన్ని డాక్టరు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో చేర్చింది.

చట్టం అడిగేది మిల్లులో దుమ్ము లాగేసే యంత్రాలు, పనివాళ్ళకు ముక్కుతొడుగులు. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని, ఎగదోసే పని ఎక్కువగా ఆడవాళ్ళది. కోసిగి, కౌతాళం పల్లెలనుంచి సుగ్గికని గుంటూరు వైపు పత్తితీతకూ, మిరపకోతకూ పోయేవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. మిరపకోరు లోపలికి పోతే ఎలా ఉంటుందో ఒకసారి దంచినవాళ్ళకు తెలుసు. ఆ రోజు మేం షెడ్డు దగ్గర కొత్త ఫిల్టరు కోసం కాచుకుని ఉండగానే మిల్లు షిఫ్టు వదిలారు. తలకూ రెప్పలకూ తెల్లగా నూగు పట్టి, ఇరవై ముప్ఫయి ఏళ్ళ పిల్లలు ముసలమ్మల్లా కనబడ్డారు. వాళ్ళెక్కిన ఆటోకు పక్కన తలుపుల్లేవు. ఎక్కి కూర్చోగానే అందరూ ఒక్కసారే కొంగులు ముక్కు మీదికి లాక్కున్నారు. మిల్లులో కట్టుకున్న కొంగే అది, దులుపుకోవడానికి వాళ్ళకు తీరిక దొరకలేదు.